70 కిలోల శాటిలైట్: తయారీ, రవాణా, ప్రయోగం ఖర్చు అంచనా. షీట్ చూసి చెప్పండి

బడ్జెట్_బుర్ర
హైదరాబాద్‌లో తయారయ్యే ఒక భూపరిశీలన శాటిలైట్‌కి మొదటి విడత అంచనా ఇది. బరువు 70 కిలోలు, సన్ సింక్రనస్ కక్ష్య (ఏ చోటునైనా ఎప్పుడూ ఒకే స్థానిక సమయానికి దాటేది), 500 నుంచి 550 కి.మీ. ఎత్తు. రెండు దారులు ఉన్నాయి. ఒకటి కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్ నుంచి ఫాల్కన్ 9 రైడ్‌షేర్ (చాలామంది శాటిలైట్లు ఒకే రాకెట్‌లో). రెండోది శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ లేదా ఎస్ఎస్ఎల్‌వీ.

షీట్‌లో ఉన్నవి:
ప్రయోగం (రైడ్‌షేర్ ధర కిలోకి 6,500 డాలర్లు): 70 × 6,500 = 4,55,000 డాలర్లు. డాలర్ 88 రూపాయలు అనుకుంటే 4 కోట్లు.
తయారీ: 14 కోట్లు.
రవాణా: 8 లక్షలు (ఎయిర్ కార్గో, 70 కిలోలకి పెట్టె బరువు కలిపి).
అనుకోని ఖర్చులు: 10 శాతం.

ఏవి తప్పాయో చెప్పండి. తయారీ లెక్కను కిలోకి 20 లక్షల చొప్పున వేశాను.

---

ఏఐటీ_మాధవి
ముందు బరువు సంగతి. కాగితం మీద 70 అంటే ప్యాడ్ మీద 70 ఉండదు. డిజైన్ మొదటి దశలో 25 నుంచి 30 శాతం పెరుగుదల పెట్టుకోవడం ఆనవాయితీ. వైర్ హార్నెస్, బ్రాకెట్లు, స్క్రూలు, థర్మల్ బ్లాంకెట్లు, స్టేకింగ్ ఎపాక్సీ (భాగాలు కదలకుండా అంటించే జిగురు) ఎప్పుడూ తక్కువగానే రాస్తారు. 70కి 30 శాతం కలిపితే 91.

దాని మీద సెపరేషన్ రింగ్ (రాకెట్ నుంచి శాటిలైట్‌ని విడదీసేది). రైడ్‌షేర్ ధరలో రింగ్ రాదు, మీరే కొనాలి. రింగ్ బరువు కూడా మీ పేలోడ్ ఖాతాలోనే పడుతుంది. 4 కిలోలు అనుకోండి, 95 అయింది. 95 × 6,500 = 6,17,500 డాలర్లు, అంటే 5.43 కోట్లు. పైగా 6,500 అనేది 2025 ధర. ఈ మధ్య ఏటా కిలోకి 500 డాలర్లు ఎక్కుతూ వస్తోంది. మీరు ఎగిరే సంవత్సరం ధర వేయండి, పాతది కాదు.

తయారీకి కిలో లెక్క మాత్రం దయచేసి తీసేయండి. కిలోకి ఇంత అనేది ప్రయోగానికి నప్పుతుంది, ఎందుకంటే అక్కడ అమ్మేది బరువే. తయారీలో డబ్బు తినేది బరువు కాదు, ఎన్ని మోడళ్లు కడతారు, ఎన్నిసార్లు పరీక్షిస్తారు అన్నది. ఇంజనీరింగ్ మోడల్, క్వాలిఫికేషన్ మోడల్, ఫ్లైట్ మోడల్ మూడూ కడితే ఒక లెక్క. ఒకే ప్రోటోఫ్లైట్ మోడల్‌తో (పరీక్షించినదాన్నే ఎగరేయడం) వెళ్తే మరో లెక్క. ఏది అనుకుంటున్నారు?

---

బడ్జెట్_బుర్ర
మాధవి గారూ, ప్రోటోఫ్లైటే. టేబుల్ మీద ఫ్లాట్‌శాట్ (ఎలక్ట్రానిక్స్‌ని పరిచి కలిపి పరీక్షించే సెట్) ఒకటి, ఫ్లైట్ మోడల్ ఒకటి.

---

ఏఐటీ_మాధవి
సరే. అప్పుడు పరీక్షల తీరు మారుతుంది. నాసా పరీక్షల ప్రమాణం జీఈవీఎస్ ప్రకారం 22.7 కిలోల లోపు కాంపొనెంట్‌కి రాండమ్ వైబ్రేషన్ క్వాలిఫికేషన్ స్థాయి 14.1 జీ ఆర్ఎంఎస్ (కంపన తీవ్రత కొలత), అక్షానికి 2 నిమిషాలు. అంగీకార పరీక్ష 10 జీ, 1 నిమిషం. ప్రోటోఫ్లైట్‌లో స్థాయి మొదటిది, సమయం రెండోది. అంటే 14.1 జీ, 1 నిమిషం, అదీ ఎగరబోయే వస్తువు మీదే. ఏదైనా విరిగితే మీ చేతిలో రెండోది లేదు. అందుకే రియాక్షన్ వీల్ (శాటిలైట్‌ని తిప్పే చక్రం), స్టార్ ట్రాకర్ (నక్షత్రాలు చూసి దిశ తెలిపేది), ఆన్‌బోర్డ్ కంప్యూటర్ కార్డు తలా ఒక స్పేర్ ఈ బడ్జెట్లోనే ఉండాలి. మోడల్ మిగిల్చిన డబ్బులో కొంత స్పేర్లకి పోతుంది.

వైబ్రేషన్‌లో మామూలుగా దెబ్బతినేవి ఇవి: స్టేకింగ్ చేయని పెద్ద కెపాసిటర్లు, లాక్ పడని కనెక్టర్లు, టార్క్ రికార్డు లేని స్క్రూలు. పరీక్షకు ముందు, తర్వాత తీసిన తక్కువ స్థాయి సైన్ స్వీప్‌లో (ఫ్రీక్వెన్సీ మారుస్తూ ఊపి చూడటం) మొదటి ఫ్రీక్వెన్సీ 5 శాతానికి మించి జరిగితే విప్పి చూడాలి. విప్పితే మళ్లీ వైబ్రేషన్ పెట్టాలి, ఆ షేకర్ రోజులు మళ్లీ కొనాలి. కాబట్టి షీట్‌లో ఒక్కో పర్యావరణ పరీక్షను ఒకటిన్నర సార్లు రాయండి. షేకర్ మీద బిగించే ఫిక్స్చర్ విడిగా మెషినింగ్ చేయించాలి, అది ల్యాబ్ ఇచ్చేది కాదు. థర్మో వ్యాక్యూమ్‌కి (శూన్యంలో వేడి, చలి పరీక్ష) ఛాంబర్ అద్దె రోజు లెక్కన ఉంటుంది. సిస్టమ్ స్థాయిలో కనీసం 4 చక్రాలు, కాంపొనెంట్‌కి 8. ఛాంబర్‌లోకి పెట్టడం, పంపింగ్, చివర్లో గది ఉష్ణోగ్రతకి తేవడం కూడా అద్దె రోజులే.

---

కార్గో_కేశవ
రవాణా 8 లక్షలు అన్న లైన్ గురించి నేను చెప్తాను. ఎయిర్‌లైన్ బరువు ఒక్కటే చూడదు, పెట్టె సైజునీ చూస్తుంది. 70 × 70 × 90 సెం.మీ. శాటిలైట్‌కి కుదుపు తగ్గించే వైర్ రోప్ ఐసొలేటర్లు, లోపలి ఫ్రేమ్, కింద స్కిడ్ అన్నీ కలిపితే బయటి కొలత 140 × 130 × 150 అవుతుంది. ఎయిర్‌లైన్ లెక్క ప్రకారం ఘనపరిమాణాన్ని 6,000తో భాగిస్తే 455 కిలోలు. అసలు బరువు శాటిలైట్ 91, పెట్టె 190 కలిపి 281. రెండింటిలో ఎక్కువైన 455కే ఛార్జీ. మీరు 70కి వేశారు.

ఎత్తు 160 సెం.మీ. దాటనివ్వకండి. వైడ్‌బాడీ ప్యాసింజర్ విమానం కింది డెక్‌లో అదే హద్దు. 165 అయిందంటే ఫ్రైటర్ (కార్గో విమానం) మెయిన్ డెక్ తప్ప దారి లేదు, రేటూ మారుతుంది, వారంలో విమానాలూ తగ్గుతాయి. పెట్టె డిజైన్ చేసే వాళ్లకి ఈ అంకె మొదటి రోజే చెప్పాలి.

ఇంకొకటి, పెట్టెకి బ్రీదర్ వాల్వ్ పెట్టారా? విమానం లోపల పీడనం సుమారు 75 కిలోపాస్కల్స్‌కి దిగుతుంది. గాలి చొరబడకుండా సీల్ చేసిన పెట్టె అయితే 1.4 × 1.3 మీ. మూత మీద 25 కిలోపాస్కల్స్ తేడా పడుతుంది. అది 45 కిలోన్యూటన్లు, అంటే 4.6 టన్నుల తోపుడు. మూత క్లిప్పులు ఊడతాయి, లేదా దిగేటప్పుడు తేమ గాలిని లోపలికి లాక్కుంటుంది. వాల్వ్, దానికి ఫిల్టర్, లోపల డెసికెంట్, శాటిలైట్‌కి రెండు పొరల యాంటీస్టాటిక్ కవర్, షాక్ లాగర్లు రెండు (ఒకటి పెట్టె మీద, ఒకటి ఐసొలేటర్ దాటాక లోపలి ఫ్రేమ్ మీద). ఒక్కటే పెడితే కుదుపు పెట్టెకి తగిలిందా, శాటిలైట్ దాకా వెళ్లిందా అని తేల్చలేరు.

లాస్ ఏంజిలిస్‌లో దిగాక వాండెన్‌బర్గ్ దాకా సుమారు 250 కి.మీ. రోడ్డు. అక్కడ ఎయిర్ సస్పెన్షన్ ట్రక్కు, ఏసీ ఉన్నది, ముందే బుక్ చేయాలి. వేసవిలో గల్ఫ్ హబ్ మీదుగా వెళ్తే టార్మాక్ మీద ఎండలో ఎంతసేపు ఉంచుతారో రాతపూర్వకంగా అడగండి.

---

బడ్జెట్_బుర్ర
కేశవ్ గారూ, పెట్టె, ఈజీఎస్ఈ (నేల మీద వాడే పరీక్ష పరికరాలు), శాటిలైట్ అన్నీ ఏటీఏ కార్నే (తాత్కాలికంగా పంపే సరుకు కస్టమ్స్ పత్రం) మీద పంపేస్తే కస్టమ్స్ డ్యూటీ సమస్య ఉండదు కదా?

---

లైసెన్సు_లక్ష్మణ్
శాటిలైట్ కార్నే మీద పోదు. తిరిగి వచ్చే సరుకుకే కార్నే. శాటిలైట్ కక్ష్యలోకి పోతుంది, తిరిగి రాదు, కార్నే మూతపడదు, గ్యారంటీ డబ్బు ఇరుక్కుంటుంది. ఈజీఎస్ఈ, టార్క్ రెంచ్‌లు, లిఫ్టింగ్ జిగ్, ఖాళీ పెట్టె వీటికి కార్నే (మన దగ్గర ఫిక్కీ ఇస్తుంది). శాటిలైట్‌కి విడిగా షిప్పింగ్ బిల్ (ఎగుమతి పత్రం). రెండు ఇన్వాయిస్‌లు, రెండు ప్యాకింగ్ జాబితాలు. జాబితాలో ఒక్క మల్టీమీటర్ సీరియల్ నంబర్ తప్పినా తిరుగు ప్రయాణంలో ఆపుతారు.

షిప్పింగ్ బిల్ వేశారంటే దాని మీద విదేశీ డబ్బు ఎప్పుడొస్తుందని బ్యాంకు అడుగుతుంది. ఇక్కడ రాదు, మీరే ప్రయోగానికి డబ్బు కడుతున్నారు. అందుకే ముందుగా మీ బ్యాంకు నుంచి జీఆర్ మాఫీ (ఆ డబ్బు రానక్కర్లేదన్న మినహాయింపు) తీసుకోవాలి. ఇది చాలామంది ఎయిర్‌పోర్టుకి వెళ్లాక తెలుసుకుంటారు.

ఎగుమతి అనుమతి: శాటిలైట్ స్కోమెట్ (ఎగుమతి నియంత్రణ ఉన్న సరుకులు) జాబితా పరిధిలోకి వస్తుంది. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం) లైసెన్సు కావాలి. ప్రయోగానికి ఇన్‌స్పేస్ (ప్రైవేటు అంతరిక్ష పనులకి అనుమతిచ్చే కేంద్ర సంస్థ) అనుమతి విడిగా. ఫ్రీక్వెన్సీకి ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) ఫైలింగ్, డబ్ల్యూపీసీ (కేంద్ర టెలికాం శాఖ విభాగం) లైసెన్సు. ఇవేవీ ఫీజుల వల్ల ఖరీదు కావు, నెలల వల్ల ఖరీదు. అమెరికన్ రేడియేషన్ హార్డ్ చిప్‌లు వాడితే వాళ్ల ఎగుమతి నియంత్రణ జాబితాలోని 9ఏ515 కింద లైసెన్సు, తుది వినియోగదారు పత్రం కావాలి. ఆర్డర్ పెట్టాక లైసెన్సు రాకపోతే అడ్వాన్స్ ఏమవుతుందో కొనుగోలు ఒప్పందంలో రాయించండి.

జీఎస్టీ విషయం: 2023 జులైలో జరిగిన 50వ కౌన్సిల్ సమావేశంలో ప్రైవేటు సంస్థల ప్రయోగ సేవలకి కూడా మినహాయింపు ఇచ్చారు. అంతకు ముందు ఇస్రో, యాంత్రిక్స్, ఎన్‌ఎస్ఐఎల్‌కే ఉండేది. విదేశీ చెల్లింపు మీద టీడీఎస్ వర్తిస్తుందా అన్నది మీ సీఏతో ఒప్పందం సంతకానికి ముందే తేల్చుకోండి. ఒప్పందంలో పన్నుల క్లాజు వాళ్ల వైపు ఉంటే ఆ భారం మీదే.

---

వోల్టు_వాసు
బ్యాటరీ ఎంత బరువు? అది తెలియకుండా కేశవ్ గారి లెక్క కూడా పూర్తికాదు.

పరికరంలో అమర్చిన లిథియం అయాన్ బ్యాటరీకి ప్రమాదకర సరుకుల నంబర్ యూఎన్3481. విమాన రవాణా నిబంధనల్లోని ప్యాకింగ్ ఇన్‌స్ట్రక్షన్ 967 సెక్షన్ 1లో ప్యాసింజర్ విమానంలో ఒక ప్యాకేజీకి బ్యాటరీ నికర బరువు 5 కిలోలు దాటకూడదు. కార్గో విమానంలో 35 దాకా. 90 కిలోల శాటిలైట్‌కి 6 కిలోల ప్యాక్ పెట్టారంటే వైడ్‌బాడీ కింది డెక్ ఆశ అక్కడితో సరి. విప్పి విడిగా పంపుదామంటే అది యూఎన్3480. ప్యాసింజర్ విమానాల్లో 2016 నుంచి నిషేధం, ఛార్జ్ 30 శాతం లోపు ఉండాలి. పైగా ఫ్లైట్ బ్యాటరీ విప్పి అక్కడ మళ్లీ బిగిస్తే మాధవి గారు ఊరుకోరు.

సెల్స్‌కి యూఎన్38.3 (లిథియం బ్యాటరీ భద్రతా పరీక్షలు) రిపోర్టు ఉంటే చాలదు, మీరు కట్టిన ప్యాక్‌కి కావాలి. ఆ పరీక్షల్లో కొన్ని ప్యాకులు పాడవుతాయి, కాబట్టి ఎక్కువ కట్టాలి. పరీక్ష చేయని నమూనా ప్యాక్ అయితే ఏ88 ప్రత్యేక నిబంధన కింద డీజీసీఏ ఆమోదంతో కార్గో విమానంలో. నైట్రోజన్ పర్జ్ సిలిండర్ (పెట్టెలో పొడి వాయువు నింపేది) పెట్టెతో వెళ్తుంటే అదీ యూఎన్1066, ప్రమాదకర సరుకు కింద ప్రకటించాలి.

ఇంధనంగా హైడ్రజీన్ (విషపూరితం) అనుకుంటే దాన్ని శాటిలైట్లో నింపి పంపడం అన్నది లేదు. ప్రయోగ కేంద్రంలోనే కొని, అక్కడే నింపాలి. రక్షణ సూట్ల సిబ్బంది, నింపే బండి, మిగిలిన ఇంధనం పారబోత, అన్నీ విడి లైన్లు. చిన్న శాటిలైట్లో ఇంధనం ధర కంటే నింపే కూలీ ఎక్కువ.

---

సూళ్లూరుపేట_రూటు
మరి ఇన్ని తిప్పలు ఎందుకు? హైదరాబాద్ నుంచి అద్దంకి, ఒంగోలు, నెల్లూరు మీదుగా సూళ్లూరుపేట దాదాపు 550 కి.మీ. రోడ్డు. ఎయిర్ సస్పెన్షన్ లారీ, గంటకి 40 మించకుండా, పగలే నడిపితే రెండు రోజులు. కార్నే లేదు, డీజీఎఫ్‌టీ లేదు, వీసాలు లేవు. పెట్టె వెడల్పు లారీ హద్దు 2.6 మీటర్ల లోపే కాబట్టి ఓడీసీ (హద్దు దాటిన సైజు సరుకు) అనుమతి కూడా అక్కర్లేదు.

జాగ్రత్తలు మూడు. ఊళ్ల దగ్గర స్పీడ్ బ్రేకర్లే అసలు శత్రువులు. ఖాళీ లారీలో లాగర్ పెట్టి ఒకసారి రూటు నడపండి, ఎక్కడ ఎంత కుదుపో పటం వస్తుంది. లారీ తక్కువ బరువుతో వెళ్తే సస్పెన్షన్ గట్టిగా ఉండి ఎక్కువ కొడుతుంది, బ్యాలస్ట్ (అదనపు బరువు) వేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ తీరంలో ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. పులికాట్ మీదుగా వెళ్లే చివరి 20 కి.మీ.లో ఉప్పు తేమ ఎక్కువ. ఆ నెలల్లో ప్రయాణం పడితే అదనంగా రెండు రోజుల లారీ నిలుపుదల, గార్డు ఖర్చు రాసుకోండి.

---

కక్ష్య_కామేశ్వరి
అన్నా, రోడ్డు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ పీఎస్ఎల్‌వీలో ప్రధాన ఉపగ్రహం ఎప్పుడు సిద్ధమైతే అప్పుడే మీ ప్రయాణం. 2025 మేలో సీ61, 2026 జనవరిలో సీ62 రెండూ మూడో దశలోనే దెబ్బతిన్నాయి. తర్వాతి వరస ఎంత జరుగుతుందో ఆ లెక్క షీట్‌లో ఎక్కడ ఉంది? ఎస్ఎస్ఎల్‌వీ 500 కిలోలు మోసే రాకెట్, సన్ సింక్రనస్ కక్ష్యకి ఇంకా తక్కువే. 95 కిలోల వాళ్లు ఒక్కరే కొంటే మిగతా ఖాళీ చోటు డబ్బు కూడా వాళ్లదే, తోడు దొరికితే తప్ప.

రైడ్‌షేర్‌కి కూడా దాని లెక్క ఉంది. బస్సు ఎక్కడ దింపితే అక్కడే దిగాలి. ఎత్తు కొంచెం మార్చుకోవడం చవక: హైడ్రజీన్ ఐఎస్‌పీ (ఇంధన సామర్థ్యం కొలత) 220 సెకన్లు అనుకుంటే 100 మీ/సె. వేగం మార్పు కోసం 100 కిలోల శాటిలైట్లో 4.5 కిలోల ఇంధనం. 6,500 లెక్కన 29 వేల డాలర్లు. కానీ మీ కెమెరాకి స్థానిక సమయం ఒక గంట తేడాగా కావాలంటే కక్ష్యాతలం 15 డిగ్రీలు తిరగాలి. నేరుగా చేస్తే దాదాపు 2 కి.మీ/సె. అంటే ఎండు బరువుకి ఒకటిన్నర రెట్లు ఇంధనం. కుదరదు. ఎత్తు తేడాతో నెలల తరబడి జరగనివ్వడం ఒక దారి, ఆర్బిటల్ ట్రాన్స్‌ఫర్ వాహనం అద్దెకి తీసుకోవడం ఇంకో దారి. మొదటిది ఆదాయం ఆలస్యం, రెండోది కొత్త బిల్లు. ఏ సమయం కావాలో కస్టమర్‌ని ముందే అడగండి.

---

మాంటీకార్లో_మూర్తి
ఇప్పటిదాకా అందరూ లైన్లు కలుపుతున్నారు. లైన్ల మధ్య నడిచే జీతాల సంగతి ఎవరూ ఎత్తలేదు.

ప్రతి పనికీ మూడు అంకెలు రాయండి. ఇంటిగ్రేషన్, పరీక్షలకి అనుకూలంగా 5 నెలలు, మామూలుగా 7, చెడితే 15. (5 + 28 + 15) ÷ 6 = 8. షీట్‌లో అందరూ 7 రాస్తారు, సగటు 8. చెడితే ఎంత పోతుందో దానికి హద్దు దూరం, బాగుంటే ఎంత మిగులుతుందో దానికి హద్దు దగ్గర. ఇలాంటివి వరుసగా నాలుగుంటే నాలుగు నెలలు మాయం. బృందం ఖర్చు నెలకి 35 లక్షలు అనుకుంటే 1.4 కోట్లు. ఎవరూ ఏ తప్పూ చేయకుండానే. దానికి మీ 10 శాతం సరిపోదు. నాసా పెద్ద ప్రాజెక్టుల బడ్జెట్‌ని ఖర్చు, గడువు రెండూ కలిపి 70 శాతం నమ్మకం దగ్గర పెట్టడం ఇందుకే.

రవాణా, తయారీ ఒకదానికొకటి ఎలా ముడిపడతాయో నాసా, ఇస్రోల ఉమ్మడి రాడార్ శాటిలైట్ నిసార్ చూడండి. అమెరికాలో రాడార్ భాగం తయారై 2023 మార్చిలో సీ17 రవాణా విమానంలో బెంగళూరు వచ్చింది. 12 మీటర్ల రిఫ్లెక్టర్ ముడుచుకుని ఉన్నప్పుడు అనుకున్నదానికంటే వేడెక్కవచ్చని తేలింది. దాన్ని విప్పి కాలిఫోర్నియా పంపి, ప్రతిఫలించే పూత వేయించి, 2024 అక్టోబరులో సీ130 విమానంలో మళ్లీ తెచ్చారు. జీఎస్ఎల్‌వీ ఎఫ్16 మీద ఎగిరింది 2025 జులై 30న. విమానం ఖర్చు అందులో చిన్న ముక్క. రెండు దేశాల్లో బృందాలు ఎదురు చూడటమే పెద్దది.

---

పాత_అంచనాదారు
మూర్తి గారూ, ప్రతిదానికీ మాంటీకార్లో (అంకెలు మారుస్తూ వేలసార్లు లెక్కవేసే సిమ్యులేషన్) అంటే చిన్న కంపెనీ బతకదు. ఏరోస్పేస్ కార్పొరేషన్ వాళ్ల చిన్న శాటిలైట్ ఖర్చు నమూనాలు ఉన్నాయి, బరువు, పవర్, పాయింటింగ్ ఖచ్చితత్వం పెడితే అంకె వస్తుంది. అయితే అవి అమెరికా జీతాలతో, అమెరికా ప్రాజెక్టులతో గీసిన గీతలు. వస్తువుల ధరకి పనికొస్తాయి, మనుషుల గంటలని మన జీతంతో మళ్లీ గుణించాలి.

అలాగే ఇస్రో అంకెలతో పోల్చకండి. చంద్రయాన్ 3 మొత్తం 615 కోట్లు అని, అందులో ప్రయోగానికే 365, ల్యాండర్, రోవర్, ప్రొపల్షన్ మాడ్యూల్‌కి 250 అని అప్పట్లో ప్రకటించారు. 3,900 కిలోలకి 250 కోట్లు అని భాగించి కిలోకి 6.4 లక్షలు అంటే ఇన్వెస్టర్ల ముందు నవ్వులపాలే. ల్యాబులు, ఛాంబర్లు, చంద్రయాన్ 2 డిజైన్ అప్పటికే ఉన్నాయి.

రెండో శాటిలైట్ ఉందా? ఉంటే డిజైన్ ఖర్చునీ యూనిట్ ఖర్చునీ విడదీయండి. యూనిట్ 6 కోట్లు, 90 శాతం లెర్నింగ్ కర్వ్ అయితే రెండోది 5.4, నాలుగోది 4.86, ఎనిమిదోది 4.37. సంఖ్య రెట్టింపైనప్పుడల్లా 10 శాతం దిగుతుంది తప్ప, ఒక్కోదానికీ దిగదు. నాలుగు కడుతూ 90 శాతాన్ని నమ్ముకోవడం కూడా ఆశే. 95 శాతం పెట్టండి.

---

మాంటీకార్లో_మూర్తి
95తో ఒప్పుకుంటా. కానీ 20 వరసల షీట్‌కి సిమ్యులేషన్ అరపూట పని. కంపెనీ బతకడానికి అడ్డమేమీ కాదు :)

---

లైసెన్సు_లక్ష్మణ్
బీమా ఎవరూ ఎత్తలేదు. మూడు పాలసీలు వేరువేరు: రవాణాకి మెరైన్ కార్గో, ప్రయోగ కేంద్రంలో ఉన్నంతసేపు ప్రీలాంచ్, ఇగ్నిషన్ నుంచి లాంచ్ ప్లస్ మొదటి సంవత్సరం. ఒకటి ఎక్కడ ముగుస్తుంది, ఇంకొకటి ఎక్కడ మొదలవుతుంది అన్న వాక్యం పక్కపక్కన పెట్టి చదవండి. ట్రక్కు నుంచి క్రేన్‌తో దించే పది నిమిషాలు ఏ పాలసీలోనూ లేకపోవచ్చు. షిప్పింగ్ బిల్‌లో విలువ, బీమాలో విలువ ఒకటే ఉండాలి. తక్కువ చూపి పంపితే క్లెయిమ్ ఆ తక్కువకే. 2023లో వయాశాట్ 3, ఇన్‌మార్‌శాట్ 6 ఎఫ్2 శాటిలైట్లు రెండూ దెబ్బతిన్నాక మార్కెట్లో ప్రీమియంలు పెరిగాయి. పాత కొటేషన్ వాడకండి.

---

కక్ష్య_కామేశ్వరి
ఇంకో మాట. పేలోడ్ కొత్తదైతే మొదటిసారే 95 కిలోల శాటిలైట్ ఎందుకు? పీఎస్ఎల్‌వీ నాలుగో దశని వేదికగా వాడే పోయెమ్ ఉంది. 2024 డిసెంబరు 30న సీ60తో వెళ్లిన పోయెమ్ 4లో 24 పేలోడ్లు ఎక్కాయి, వాటిలో 10 ఇస్రో బయటివి. మీ కెమెరా ఎలక్ట్రానిక్స్‌ని అలా ముందు ఎగరేస్తే అసలు శాటిలైట్లో అనుకోని ఖర్చుల శాతం తగ్గించుకోవచ్చు. బస్ (శాటిలైట్ మూల నిర్మాణం), సోలార్ ప్యానెల్, సెపరేషన్ రింగ్ ఏవీ అక్కర్లేదు.

---

బడ్జెట్_బుర్ర
అందరికీ థాంక్స్. మార్చిన షీట్, వాండెన్‌బర్గ్ దారి:

ప్రయోగం 95 కిలోలకి 5.43 కోట్లు, పైన ధర పెరుగుదలకి ఏటా కిలోకి 500 డాలర్లు. సెపరేషన్ రింగ్ విడి లైన్. తయారీలో కిలో లెక్క తీసేసి డిజైన్, యూనిట్, స్పేర్లు, పరీక్షలు (ఒకటిన్నర సార్లు) నాలుగుగా విడదీశాను. రవాణా 455 కిలోలకి, కార్గో విమానం రేటు, ఎందుకంటే బ్యాటరీ 6.2 కిలోలు. జీతాలు నెలవారీగా, గడువు మూడు అంకెలతో. బీమా మూడు వరసలు. శ్రీహరికోట దారికి ఇదే పక్క కాలమ్, అందులో ఎదురుచూపు నెలలు ఎక్కువ, రవాణా తక్కువ.

బ్యాటరీని రెండు ప్యాకులుగా చేసి, ఒక్కోటి 3.1 కిలోలు చేస్తే ప్యాసింజర్ విమానంలో పోతుందా?

---

వోల్టు_వాసు
పోదు. రెండూ ఒకే పెట్టెలో, ఒకే శాటిలైట్లో ఉంటాయి కదా, ఆ 5 కిలోలు ప్యాకేజీ మొత్తానికి. సెల్స్ మార్చి 5 లోపుకి తేగలిగితే తేండి, లేదంటే ఫ్రైటర్‌కే వేసుకోండి. ఫ్రైటరే అని తేలితే పెట్టె ఎత్తు 160 హద్దు కూడా పోతుంది. అప్పుడు పొడవైన ఐసొలేటర్లు పెట్టించండి.

---

కార్గో_కేశవ
పెట్టించండి, కానీ ఎత్తు పెరిగితే 455 కూడా పెరుగుతుంది. 180 చేస్తే 546. కొత్త డ్రాయింగ్ వచ్చాక కొలతలు ఇక్కడ పెట్టండి, రెండు ఫార్వర్డర్ల నుంచి కొటేషన్ ఎలా అడగాలో రాస్తాను. ఖాళీ పెట్టె తిరుగు ప్రయాణం కూడా అదే ఘనపరిమాణానికి కట్టాలి, మీ షీట్‌లో ఆ వరస ఇంకా లేదు.